మంట అని రాసి ఉన్న ఫ్లాపీ

కోడలికి లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. తన వేలు తగిలి, మళ్ళీ తిరిగి తేలేనిదేదో చెరిగిపోతుందని. పాముకు భయపడదు. చీకటికి భయపడదు. పాపకు ఒళ్ళు వెచ్చబడితే భయపడుతుంది గానీ, అది ఏ తల్లికైనా ఉండేదే. ఈ భయం మాత్రం అచ్చంగా ఆమె సొంతం. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినప్పటి నుంచీ, బొత్తాలున్న వస్తువు ఏది ఎదురైనా ఆమె చేతులు వాటంతటవే వెనక్కి వెళ్ళి నడుం దగ్గర కట్టుకునేవి. దానికి తోడు ఆ ఇంట్లో అత్తగారు, భర్త, మరిది ముగ్గురికీ ఊతపదం ఒకటే: "అది ముట్టుకోకు." చంకలో ఉన్న పాపకు ఇంకా మాటలు రాలేదు. వస్తే మొదట వచ్చే మాట కూడా అదేనని ఆమెకు గట్టి నమ్మకం.

ఆ ఇంటికి వీధి వైపు రెండు గదులున్నాయి. ఒకదాంట్లో వాళ్ళ ఎంబ్రాయిడరీ షాపు. రెండోది సెలూన్‌కు అద్దెకిచ్చారు. రెండిటికీ కలిపి మెయిన్ స్విచ్ ఒకటే, అది ఎంబ్రాయిడరీ షాపు గోడకే ఉంది. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆ పూటకు కోడలు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పాపకు స్నానం చేయించి పడుకోబెట్టాలి, ఉతికిన బట్టలు ఆరేయాలి, పాప లేచేలోగా ఒక కప్పు కాఫీ వేడివేడిగా తాగాలి. ఈ చివరిది పాప పుట్టిన తర్వాత ఒక్కనాడూ కుదరలేదు. భర్త దారం కండెలు తేవడానికి వ్యాను తీశాడు. "ఫోన్లో చార్జింగ్ లేదు, ఊరికే చేయకండి" అని తల్లితో చెప్పి, "లాప్‌టాప్ ముట్టుకోకు" అని భార్యతో చెప్పి, హారన్ కొట్టి వెళ్ళిపోయాడు.

పాప పడుకుంది. బట్టలు తీగకెక్కాయి. కప్పు పెదవికి ఆనించబోయింది. షాపులో ఫోను మోగింది.

అత్తగారు తీశారు. అవతల ఫైర్ స్టేషన్ ఉద్యోగి ఒకాయన. ఉత్సాహంతో ఆయన గొంతు ఫోనులోంచి బయటికి దూకుతోంది.

"ఇవాళ సాయంత్రం మా పెద్దాయన రిటైరవుతున్నారండీ! ఆయనకి తెలీకుండా మేమంతా తలా ఒక కొత్త జర్కిన్ కొనుక్కున్నాం. ఆయనకీ ఒకటి. వెనకవైపు మా స్టేషన్ పాత గుర్తు కుట్టాలి. నిచ్చెనా, దాని మీద మంటా. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో సొంతంగా గీసిన బొమ్మండీ అది. తర్వాత పైవాళ్ళు గుర్తు మార్చేశారు. ఆయన మాత్రం ఇప్పటికీ దాని ముచ్చటే చెప్తుంటారు. అందరి దగ్గరా అడిగాం, ఎక్కడా లేదు. మీ దగ్గరేమైనా..."

"మా దగ్గర లేకపోవడమేంటండీ!" అత్తగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఆ గుర్తుని మిషన్‌కి ఎక్కించిందే మా ఆయన. పంపించండి. సాయంత్రానికల్లా కుట్టిస్తాం."

"ఆయన చెవిన మాత్రం పడకూడదండోయ్. పడిందంటే సరదా అంతా పోతుంది."

"ఎంత మాట! మా నోట్లో నువ్వుగింజ నానడమే కాదు, మొలకెత్తుతుంది కూడా."

కాసేపటికి జీపు వచ్చి జర్కిన్ల మూట దించి వెళ్ళింది. అత్తగారు మూట విప్పి, చేతులు దులుపుకుని, కోడలి వైపు తిరిగారు.

"కానీ మరి. మీ మామగారి మంట తియ్యి."

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. పోయిన మామగారు డిజైన్లన్నీ ఫ్లాపీల మీద దాచారు. అరచేతిలో ఇమిడే పలకల్లాంటి ఫ్లాపీలు, ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ, అన్నీ ఒక డబ్బాలో. వాటిని మింగే పాత మిషన్ ఇప్పుడు ఇస్త్రీ బల్లగా పనిచేస్తోంది. కొత్త మిషన్‌కు పెన్‌డ్రైవ్ తప్ప ఇంకేదీ గొంతు దిగదు. అందుకని మరిది, ఉద్యోగానికి వెళ్ళేముందు, ఫ్లాపీలన్నిటినీ లాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. లోపలి డిజైన్లను ఏరి తీసే ఓపిక లేక, ఒక్కో ఫ్లాపీని ఉన్నదున్నట్టు అచ్చుపోసి ఒక్కో ఫైలు చేశాడు. పెట్టెలోని బట్టలు తీసి సర్దకుండా పెట్టెనే ఎత్తుకొచ్చి పెట్టినట్టు. ఫ్లాపీ మీద ఏ పేరు అంటించి ఉంటే ఫైలుకు ఆ పేరే పెట్టాడు. ఆ పని ముగిసిందో లేదో, ఫ్లాపీ చదివే డ్రైవు కీచుమని చచ్చిపోయింది.

"నేనా?" అంది కోడలు. చేతులు అప్పుడే వెనక్కి వెళ్ళిపోయాయి.

"కాక? నాకు ఆ బుల్లి అక్షరాలు ఆనవు."

"ముట్టుకోవద్దన్నారు కదా అత్తయ్యా."

"ఇవాళ్టికి ముట్టుకో."

ఆమె లాప్‌టాప్ తెరిచింది. వరుసగా ఫైళ్ళు. బాతు, చేప, గులాబి, చిలుక, మంట... మంట మీద బాణం పెట్టి, ఊపిరి బిగపట్టి, రెండుసార్లు నొక్కింది. టింగుమని చిన్న పెట్టె ఒకటి తెర మీదికి వచ్చింది. అందులో ఇంగ్లీషులో ఒకే ఒక్క ముక్క. బడిలో నేర్చిన అక్షరాలన్నిటినీ కూడగట్టుకుని చదివింది. ఈ డిస్క్ ఇమేజి ఫైలు పాడైపోయింది.

కోడలు చేయి చటుక్కున వెనక్కి లాక్కుంది.

"ఏమంటోంది?" అన్నారు అత్తగారు.

"పాడైందంటోంది."

"ఏం చేశావే!"

"ఏం చేయలేదత్తయ్యా, నొక్కానంతే!"

ఒక్కటి పాడైతే మిగతావైనా బాగున్నాయో లేదో చూద్దామని చేప మీద నొక్కింది. టింగు. పాడైపోయింది. గులాబి నొక్కింది. టింగు. పాడైపోయింది. చిలుక కూడా అంతే. ఒక్కో టింగుకూ ఆమె ముఖంలో ఒక్కో దీపం ఆరుతోంది. ఇంతసేపూ బాగున్నవి తన వేలు తగలగానే ఒక్కొక్కటే పాడవుతున్నాయని ఆమెకు రూఢి అయిపోయింది. మామగారు ఏళ్ళ తరబడి చేసిన పనిని, మిట్టమధ్యాహ్నం కాకముందే, చూపుడు వేలితో తుడిచిపారేసింది.

"నువ్వు లే, నేను చూస్తా" అని అత్తగారు కూర్చుని, బాతు మీద నొక్కారు. టింగు.

అత్తగారు తన వేలిని తిప్పి తిప్పి చూసుకున్నారు. "నీ నుంచి నాకూ అంటుకుందే!"

ఇద్దరూ లాప్‌టాప్ నుంచి రెండడుగులు వెనక్కి వేశారు. అది మాత్రం ఏమీ ఎరగనట్టు వెలుగుతూ కూర్చుంది.

"ఫ్లాపీలున్నాయిగా!" అన్నారు అత్తగారు ఉన్నట్టుండి. "డబ్బాలో చక్కగా ఉన్నాయి. వాటిని చదివే డ్రైవు ఒకటి కొంటే మళ్ళీ ఎక్కించుకోవచ్చు. మీ ఆయనకి ఫోన్ చెయ్యి."

కోడలు నంబరు నొక్కింది. అత్తగారు ఫోను లాక్కుని, కొడుకు హలో అనేలోపే అందుకున్నారు. "ఒరేయ్, ఫ్లాపీ డ్రైవు కొనుక్కురా. ఎక్కడ దొరికితే అక్కడ. ఏంటీ, ఎవరూ అమ్మట్లేదా? అమ్మేవాడు దొరికేదాకా వెతుకు. అది లేకుండా గుమ్మం తొక్కావంటే ఊరుకోను!" అవతల "అమ్మా, చార్జిం..." అన్న సగం మాట వినిపించి లైను తెగింది.

తర్వాత మరిదికి. అతను ఇంటిల్లిపాదికీ కంప్యూటర్ వైద్యుడు. మందు ఎప్పుడూ ఫోనులోనే ఇస్తాడు.

"వదినా, మీటింగులో ఉన్నా" అని గుసగుసలాడాడు. "తొందరగా చెప్పు. ఏం నొక్కావు?"

"రెండుసార్లు నొక్కాను."

"రెండుసార్లెందుకు నొక్కావ్?"

"రెండుసార్లు నొక్కాలని నేర్పింది నువ్వే కదా!"

"సరే సరే. అన్నీ పాడయ్యాయంటున్నావా? అయితే లోపల ఏదో దూరి వరసగా తినేస్తోంది. ఒక్క క్షణం ఆలస్యం చేయకు, తీగలన్నీ పీకెయ్. మిషన్ దాకా పాకిందంటే... ఆ, వస్తున్నా సార్!" ఫోను పెట్టేశాడు.

మిషన్ దాకా అన్న మాట అత్తగారి చెవిన పడింది. కొత్త మిషన్ అంటే ఆవిడకు కొడుకులిద్దరికన్నా ఒక పిసరు ఎక్కువ. ఒక్కో తీగా పీకుతూ కూర్చుంటే ఈలోపు పాకదూ? ఒక్క గంతులో గోడ దగ్గరికి వెళ్ళి మెయిన్ స్విచ్ దించేశారు.

ఫ్యాను ఆగింది. దీపాలు ఆరాయి. పక్క సెలూన్‌లో తుమ్మెదలా ఝుమ్మంటున్న క్లిప్పరు గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. వెంటనే "అయ్యయ్యో!" అని రెండు గొంతులు.

తలుపులో ఒక పెద్దమనిషి ప్రత్యక్షమయ్యాడు. మెడకు తెల్లగుడ్డ కట్టి ఉంది. తల ఎడమ సగం నున్నగా, పొందిగ్గా, అచ్చంగా దొరబాబు. కుడి సగం వానలో తడిసిన పిచ్చుక గూడు. వెనకాలే సెలూనతను, చేతిలో చచ్చిన క్లిప్పరు.

"కరెంటు ఎప్పుడొస్తుందమ్మా?" అన్నాడు పెద్దమనిషి మర్యాదగా. "సాయంత్రం నాకో చిన్న పనుంది. నలుగురూ ఉంటారు."

"కత్తెరేమో సానకిచ్చాను సార్. నన్నేం చేయమంటారు?" అని సెలూనతను నెత్తి బాదుకున్నాడు, ఎవరి నెత్తి అని చూసుకోకుండా. దెబ్బ పెద్దమనిషికి తగిలింది.

ఆ సగం తల చూడగానే కోడలికి దుఃఖం పొంగుకొచ్చింది. ఇదీ తన వేలి చలవే. డిజైన్లయిపోయాయి, ఇప్పుడు మనుషుల మీద పడింది. అటు అత్తగారికి ఓదార్చేవాళ్ళు కనిపిస్తే చాలు, కట్ట తెగినట్టే.

"ఏం చెప్పమంటారు బాబూ! ఫైర్ స్టేషన్ వాళ్ళ పెద్దాయన ఇవాళ రిటైరవుతున్నాడట. ఆయనకి తెలీకుండా కిందివాళ్ళంతా జర్కిన్లు కొన్నారు. ఆయన గీసిన పాత గుర్తు వెనకాల కుట్టించి, సాయంత్రం అందరూ ఒకేసారి తొడుక్కుని ఆయన్ని బిత్తరపోయేలా చేస్తారట. మీరు మాత్రం ఎవరితోనూ అనకండి, పరమ రహస్యం."

పెద్దమనిషి మెల్లగా స్టూలు మీద కూర్చున్నాడు. "కిందివాళ్ళు... వాళ్ళే కొన్నారా?"

"వాళ్ళే! పాపం ఆయనంటే ప్రాణమట. అలాగని మంచివాడనుకునేరు, చండశాసనుడట. బూట్లు మెరవకపోతే వరసలోంచి వెనక్కి పంపిస్తాడట. జీపతను చెప్పాడు."

"అలాగా?"

"పైగా ఆ బొమ్మ గురించి చెప్పిందే చెప్పి చంపుతాడట."

"అది మాత్రం నిజమే అయ్యుంటుందమ్మా" అన్నాడాయన, మెడగుడ్డ అంచుతో కళ్ళు తుడుచుకుంటూ. వెంట్రుకలు పడ్డాయేమో అనుకుంది కోడలు. "ఆ నిచ్చెన కాస్త ఎడమకి వాలి ఉంటుంది కదూ?"

"మీకెలా తెలుసు?"

"ఎక్కడో చూసిన గుర్తు. ఇంతకీ ఇబ్బంది ఏమొచ్చింది?"

కోడలు లాప్‌టాప్ వైపు చూపించింది, దూరం నుంచే. కరెంటు పోయినా అది తన బ్యాటరీ మీద తాను వెలుగుతూనే ఉంది. పెద్దమనిషి వంగి ఫైళ్ళ వరుస చూశాడు. ఒక్కసారిగా ఆయన ముఖం చవితి నాటి చంద్రుడు పున్నమికి మారినట్టు విప్పారింది.

"ఓహో! ఫ్లాపీ ఇమేజిలే! ఎన్నాళ్ళకి చూశాను! మా ఇంట్లో వీటితో ఒక బీరువా ఉందమ్మా. పాత ఆటలు, పాత బొమ్మలు, అన్నీ ఇలాగే దాచుకున్నాను. మా ఆవిడ ఆ గదిలోకి రాదు. ఏదీ, ఏమంటోంది?"

"పాడైందంటోందండీ. నేను ముట్టుకున్నవన్నీ."

"ముట్టుకోనివాటిని కూడా అదే అంటుంది. ఏదీ పాడవలేదు తల్లీ! ఈ కాలం కంప్యూటర్లు పుట్టేసరికి ఫ్లాపీలు పోయాయి. ఇలాంటి ఫైలు కనిపిస్తే ఇది సీడీ అనుకుని తెరవబోతుంది. లోపల సీడీలా ఉండదు. తనకి చదవడం రాలేదని ఒప్పుకోవచ్చుగా? ఒప్పుకోదు. ఎదుటిది పాడైందంటుంది. మా ఆఫీసులో ఇలాంటివాళ్ళు బోలెడుమంది."

కోడలు ఆ మాటను మళ్ళీ ఒకసారి లోపల్లోపల అనుకుంది. తనకి చదవడం రాక, ఎదుటిది పాడైందంటుంది. ఎందుకో గానీ కట్టుకున్న చేతులు కొంచెం వదులయ్యాయి.

"ముందు ఆ కరెంటు ఇవ్వండమ్మా. లోపల ఏదీ దేన్నీ తినట్లేదు" అన్నాడాయన. అత్తగారు స్విచ్ ఎత్తారు. సెలూనతను చేతిలో క్లిప్పరు ప్రాణం పోసుకుని ఝుమ్మంది.

"సార్, రండి, రెండో వైపు..."

"ఉండవయ్యా!" పెద్దమనిషి కుర్చీ లాక్కున్నాడు. "అమ్మా, జిప్ ఫైళ్ళు విప్పే సాఫ్ట్‌వేర్ ఉందా ఇందులో? ఇదిగో, ఉంది. ఇలా రా. దీన్ని ఇలాంటి ఫైలు మీద ప్రయోగిస్తే ఇదీ మూటే అనుకుని విప్పేస్తుంది. రెండుసార్లు నొక్కకు. కుడివైపు మీట ఒక్కసారి నొక్కు. దేనితో తెరవాలో అడుగుతుంది."

"నేనా?"

"నా చేతికంతా వెంట్రుకలున్నాయి."

ఆమె నొక్కింది. పేర్ల వరుస జారింది. ఆయన చూపించిన పేరు మీద నొక్కింది. ఈసారి టింగు లేదు. తెర మీద పెట్టె తెరుచుకుంది. లోపల, ఇన్నేళ్ళుగా ముడుచుకుని పడుకున్నట్టు, ఒకే ఒక్క చిన్న డిజైను ఫైలు.

"ఉంది! అత్తయ్యా, ఉంది!" కోడలు అరిచిన అరుపుకు పాప లేచి కూర్చుంది. అత్తగారు పాపను ఎత్తుకుని గిరగిరా తిప్పారు. సెలూనతను ఏం జరిగిందో తెలియకపోయినా చప్పట్లు కొట్టాడు. ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం, పెన్‌డ్రైవ్ మిషన్‌కు పెట్టడం, జర్కిన్‌ను ఫ్రేముకు బిగించడం, ఎరుపూ నారింజా దారాలు సూదులకు ఎక్కించడం, అన్నీ కన్నుమూసి తెరిచేలోగా అయిపోయాయి. మిషన్ తెర మీద బొమ్మ రావడానికి కాస్త వ్యవధి పడుతుంది. అంతసేపు ఆగే ఓపిక అత్తగారికి ఏనాడూ లేదు. బొత్తాం నొక్కేశారు.

సూదులు టకటకలాడాయి. గుండ్రంగా ఎర్రటి గీత ఒకటి మొదలైంది. నలుగురూ తలలు దగ్గరపెట్టి చూస్తున్నారు. సెలూనతను ఇదే అదనని క్లిప్పరు దగ్గరికి తెచ్చాడు గానీ, పెద్దమనిషి తల క్షణం నిలవడం లేదు.

"మంట లేస్తోంది!" అన్నారు అత్తగారు.

"మంటకి మెడ ఉంటుందా అత్తయ్యా?" అంది కోడలు.

"గాలికి అలా వంగుతుందిలే."

గాలికి వంగిన మంటకు నారింజ రంగు ముక్కు వచ్చింది. తర్వాత ఒక కన్ను వచ్చింది. పాప ఆ కన్నును చూసి, రెండు చేతులూ చాచి కేరింతలు కొట్టింది. మిషన్ టక్కుమని ఆగేసరికి జర్కిన్ వీపు మీద, నిప్పుల్లో కాల్చి తీసినట్టు ఎర్రగా, గర్వంగా ఛాతీ విరుచుకుని ఒక బాతు నిలబడి ఉంది.

పెద్దమనిషి ఆవేశంగా లేచాడు. "ఇది నేను గీసింది కాదు!"

క్లిప్పరు ఒక్కటే ఝుమ్మంటోంది. కాసేపటికి సెలూనతను దాన్ని కూడా ఆపేశాడు.

"మీరు గీసింది... అంటే..." అన్నారు అత్తగారు. చండశాసనుడు అన్నది గుర్తొచ్చింది. చెప్పిందే చెప్పి చంపుతాడన్నదీ గుర్తొచ్చింది. ఆవిడ నోట్లో నానాల్సిన నువ్వుగింజ, చేనంతా పెరిగి, కోతకొచ్చి, కుప్ప నూర్చినట్టయింది.

"మీరేనా ఆ పెద్దాయన!" కోడలు గోడకు చేరగిలబడింది. మంట పోయింది, రహస్యం పోయింది, ఒక జర్కిన్ పోయింది, ఆయన క్షవరం సగంలో ఆగిపోయింది. ఇంత విధ్వంసం ఒక్క వేలితో అవుతుందని ఆమె కూడా ఎప్పుడూ అనుకోలేదు. "నేను ముట్టుకోకుండా ఉండాల్సింది" అంది. "మంటని బాతుగా మార్చేశాను."

పెద్దాయనకు కోపం రాలేదు. ఆయన కళ్ళు బాతు మీదే ఉన్నాయి. "నొక్కితే మంట బాతుగా మారదమ్మా. మంట అని పేరున్న ఫైల్లో ముందు నుంచీ బాతే ఉంది. అసలు ఫ్లాపీ చూపించండి ఒకసారి."

అత్తగారు డబ్బా తెచ్చి తెరిచారు. చూడముచ్చటగా ఉంది. ఎర్ర ఫ్లాపీ మీద మంట అని చీటీ. పసుపు ఫ్లాపీ మీద బాతు. నీలం మీద చేప. ఆకుపచ్చ మీద చిలుక. గులాబి రంగు దాని మీద గులాబి.

కోడలు డబ్బా వైపు చూసింది. తర్వాత గోడకున్న దారాల అర వైపు చూసింది. అక్కడ కండెలన్నీ రంగుల వారీగా, అత్తగారు రోజూ ఉదయం సర్దినట్టే, ఇంద్రధనుస్సులా ఉన్నాయి. ఆ ఇంట్లో పిన్నీసుల దగ్గరనుంచి పాప గౌన్ల దాకా అన్నీ రంగు ప్రకారమే సర్దుతారు. నూలుతో బతికేవాళ్ళ అలవాటు.

"అత్తయ్యా," అంది మెల్లగా, "ఈ చీటీలు ఎవరంటించారు?"

అత్తగారు పాప జుట్టు సవరించారు. చీర కొంగు సవరించుకున్నారు. "దుమ్ము పట్టాయని ఒకసారి తడిగుడ్డతో తుడిచానే. చీటీలు ఊడొచ్చాయి. మీ మామగారికి ఓ పద్ధతా పాడా? ఎర్ర ఫ్లాపీ మీద బాతని ఉంటుంది, నీలం మీద మంటో చెట్టో. కంటికి ఎంత అసహ్యం! అందుకని... దేనికది నప్పేలా అంటించాను."

ఇంట్లో అందరికీ అది ముట్టుకోకు, ఇది ముట్టుకోకు అని చెప్పే మనిషి ఆవిడే. కోడలు నవ్వకూడదని పళ్ళు బిగించింది. ముందుగా నవ్వింది సెలూనతను. తర్వాత పెద్దాయన. తర్వాత ఎందుకో తెలియకుండా పాప. చివరికి అత్తగారు కూడా "ఏడ్చినట్టుంది" అంటూ నవ్వేశారు.

"అయితే మంట ఇందులోనే ఎక్కడో ఉంది!" పెద్దాయన చేతులు రుద్దుకున్నాడు. "వరసగా తెరవమ్మా. నువ్వే తెరవాలి. ఇప్పుడు నీకంటే బాగా ఎవరికీ రాదు."

ఈసారి ఆమె చేతులు వెనక్కి పోలేదు. గులాబి తెరిచింది, మిషన్‌కు పెట్టింది. అందరూ బుద్ధిగా తెర మీద బొమ్మ వచ్చేదాకా ఆగారు. ఎలుగుబంటి వచ్చింది. చిలుక తెరిస్తే లంగరు వచ్చింది. బాతు తెరిస్తే గులాబి వచ్చింది. ఒక్కో బొమ్మకూ కేక. జాతరలో చీటీలు తీస్తున్నంత సంబరం. సెలూనతను ముందే పందెం కాస్తున్నాడు: "ఈసారి ఏనుగు సార్, చూడండి!" చివరికి చేప తెరిచింది. తెర మీద ముందు ఒక గీత, దానికి అడ్డంగా మెట్లు, ఆ పైన...

"నిచ్చెన! ఎడమకి వాలింది!" పెద్దాయన చిన్నపిల్లాడిలా గెంతాడు. మంట చేప కడుపులో దొరికింది. నిప్పు నీళ్ళలో దాక్కోవడం ఆర్పేవాడి సర్వీసులో అదే మొదటిసారి.

జర్కిన్లన్నీ వరసగా మిషన్ ఎక్కాయి. సెలూనతను మధ్యమధ్య వచ్చి, "సార్, రెండో వైపు" అంటూనే ఉన్నాడు. పెద్దాయన ఫ్రేములు బిగిస్తూ, కోడలికి పాత ఆటల కబుర్లు చెబుతూ, "ఉండవయ్యా" అంటూనే ఉన్నాడు. ఆఖరి జర్కిన్ మిషన్ దిగుతుండగా వీధిలో జీపు హారన్ మోగింది.

"మావాళ్ళు!" అన్నాడు పెద్దాయన. జీవితమంతా మంటల్లోకి దూకిన మనిషి, ఒక్క దూకుతో పాత మిషన్ వెనక్కి దూకి ఇస్త్రీ దుప్పటి మీదికి లాక్కున్నాడు.

జీపతను వచ్చి మూట చూసి మురిసిపోయాడు. "అద్భుతమండీ! మా పెద్దాయన చూస్తే ఏమైపోతారో! ఆయనే కనిపించట్లేదు. ఉదయం క్షవరానికని వెళ్ళారు, అంతే." అంటూ ఒక్కొక్కటీ మడత పెడుతున్నవాడు ఆగిపోయాడు. "ఇదేంటి? బాతు?"

కోడలు అత్తగారి వైపు చూసింది. అత్తగారు తడుముకోలేదు. "అది మీ పెద్దాయనకి ప్రత్యేకం."

దుప్పటి కింద ఎవరో పొలమారినట్టు దగ్గారు. సెలూనతను వెంటనే తాను కూడా దగ్గాడు. పాప దుప్పటి వైపు చేయి చూపి కిలకిలా నవ్వింది. జీపతను పాపను చూసి ఒక నవ్వు నవ్వి, మూట ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం వేడుకకు అత్తాకోడళ్ళు పాపను తీసుకుని వెళ్ళారు. పెద్దాయన హెల్మెట్ పెట్టుకునే వచ్చారు. ఫొటోలప్పుడు తీయమంటే తీయలేదు. ఉద్యోగాన్ని వదల్లేకపోతున్నారని అందరూ కళ్ళు తుడుచుకున్నారు. వెనక వరసలో సెలూనతను, జేబులో క్లిప్పరుతో, ఆ హెల్మెట్ వైపే ఆశగా చూస్తూ కూర్చున్నాడు. జర్కిన్ పొట్లం చేతిలో పెట్టగానే పెద్దాయన, "అబ్బబ్బా! నేను కలలో కూడా అనుకోలేదు!" అని గుండె మీద చేయి వేసుకున్నారు. పొట్లం ఇంకా విప్పలేదు. కోడలు చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

కానీ సిబ్బంది అంతా ఒక్కసారి వెనక్కి తిరిగి నిలబడ్డప్పుడు, వరసగా అన్ని వీపుల మీదా ఎడమకు వాలిన ఆ నిచ్చెనను చూసినప్పుడు, ఆయన హెల్మెట్ ముందుకు లాగి కళ్ళు దాచుకున్నారు. అది నటన కాదు. తన బాతు జర్కిన్ తొడుక్కుని, గొంతు సవరించుకుని, "ఇన్నాళ్ళూ మంటల్లో దూకాను. ఇక నీళ్ళలో తేలతాను" అన్నారు. చప్పట్లు మోగిపోయాయి. దర్జాగా తొడుక్కుంటే బాతు కూడా బిరుదులాగే ఉంటుందని ఆ రోజే తెలిసింది.

ఇంటికి వచ్చాక అత్తగారు తన చేత్తో కాఫీ కలిపి కోడలికి ఇచ్చారు. వేడివేడిది. పాపను కూడా తీసుకున్నారు. "రేపటినుంచి ఆ లాప్‌టాప్ నువ్వే చూసుకో" అన్నారు, ఇంకెటో చూస్తూ. కోడలు కప్పు పట్టుకుని ఒక్కొక్కటే లెక్కవేసుకుంది. మామగారి మంట ఉంది. చేప కూడా ఎక్కడో ఉండే ఉంటుంది, తీరిగ్గా వెతకొచ్చు. తన వేలు తగిలి ఏదీ పోలేదు. ఒక్కటీ పోలేదు. తృప్తిగా ఒక గుటక తాగి, రెండో గుటకకు ఠక్కున ఆగిపోయింది.

ఆ రోజు ఆమె నొక్కినవాటిలో భర్త నంబరు కూడా ఉంది.

ఫోను చేస్తే పలకడం లేదు. చార్జింగ్ ఎప్పుడో అయిపోయింది. ఫ్లాపీ డ్రైవు లేకుండా గుమ్మం తొక్కితే ఊరుకోనని తల్లి అన్నది, అతను తల్లి మాట జవదాటే మనిషి కాదు. కాబట్టి మీ వైపు పాత కంప్యూటర్లు అమ్మే దుకాణం ఏదైనా ఉంటే, దయచేసి ఒకసారి తొంగిచూసి రండి. చొక్కా నిండా దారప్పోగులు అంటుకుని, ఫ్లాపీ డ్రైవు ఉందా అని అడుగుతూ ఒక మనిషి కనిపిస్తే, ఇక అక్కర్లేదని చెప్పి, ఏదైనా తినిపించి, ఇంటికి పంపించండి.

వచ్చేటప్పుడు ఎర్రదారం మరిచిపోవద్దని కూడా చెప్పండి, ఉన్నదంతా బాతు తినేసింది.